నిప్పు ఎటువైపు?

ముందే చెప్పేస్తాను, నేను సిగరెట్టు కూడా ముట్టను. అలాంటివాణ్ణి మూడు రోజులు సిగార్ల పొగలో ఊరబెట్టిన ఘనత మా బావది.

బావకి హ్యూస్టన్ పక్కన కేటీలో లిక్కర్ షాపు ఉంది. దాని వెనకగదిని ఆరేళ్ళ కిందట హ్యూమిడార్‌గా, అంటే సిగార్లు ఎండిపోకుండా తేమలో ఉంచే గదిగా మార్చాడు. గోడలకి స్పానిష్ సెడార్ చెక్క, మూల ఒక యంత్రం, గాలిలో తేమ ఎప్పుడూ డెబ్బై శాతం. ఎండాకాలం కరెంటు పోతే ఇంట్లో ఏసీ గురించి కాదు, ఆ గది గురించి బెంగపెట్టుకుంటాడు. షాపులవాళ్ళ సంఘం ఒకటుంది, ప్రీమియం సిగార్ అసోసియేషన్. 1933లో వేరే పేరుతో మొదలైంది. ఏటా వాళ్ళు పెట్టే ట్రేడ్ షోలో కంపెనీలు ఆ ఏటి కొత్త సిగార్లు బయటపెడతాయి, షాపులవాళ్ళు ఆర్డర్లు రాస్తారు. మామూలు జనానికి ప్రవేశం లేదు. చాలా ఏళ్ళు లాస్ వేగాస్‌లోనే జరిగి, 2025 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌కి వచ్చింది.

"వేగాస్ అయితే విమానం టికెట్టు. ఇదైతే గ్యాసూ పులిహోరా" అన్నాడు బావ. మేనల్లుడికి పరీక్షలని అక్క రానంది. దాంతో షాపు మనిషిగా నా పేరు రాయించేశాడు. గ్రీన్‌కార్డు రాకముందు ఈ మాట అనుంటే నా గుండె జారిపోయేది. వచ్చింది కాబట్టి జీతంలేని ఉద్యోగానికి సరే అన్నాను.

ఐ-10 హైవే మీద ఆరుగంటల దారి గురించి రాయడానికేమీ లేదు. బేటౌన్‌లో బకీస్ గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగాం, లేక్ చార్లెస్ దాటాం, అచఫలాయా చిత్తడినేల మీద పద్దెనిమిది మైళ్ళ వంతెన దాటుతూ పులిహోర డబ్బా ఖాళీ చేశాం. బాటన్ రూజ్‌లో ట్రాఫిక్ ఎప్పటిలాగే. దారి పొడుగునా బావ నోట్లో ఒకటే లెక్క, సుంకాలు. ఏప్రిల్ 2న ట్రంప్ బోర్డు పట్టుకుని చదివిన జాబితాలో నికరాగ్వాకి 18 శాతం, డొమినికన్ రిపబ్లిక్‌కీ హోండురస్‌కీ పదేసి శాతం పడ్డాయి. బావ గదిలో సరుకంతా దాదాపు ఆ మూడు దేశాలదే. వారం తిరిగేసరికి, మేం బయల్దేరడానికి రెండురోజుల ముందు, మూడు నెలలు ఆగండి, ప్రస్తుతానికి చైనా తప్ప దాదాపు అందరికీ పదే అన్నారు. "పదా, పద్దెనిమిదా? ఏదో ఒకటి తేల్చి చావరు" అని స్టీరింగ్ మీద గుద్దాడు. బియ్యం ఎగుమతి ఆపినప్పుడు ఇండియన్ స్టోర్లలో జనం సోనామసూరి బస్తాలు నెత్తినెత్తుకుని పరిగెత్తారు కదా, ఆ చూపే బావ మొహంలో ఉంది.

హోటల్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. అదే వారాంతంలో ఫ్రెంచ్ క్వార్టర్ ఫెస్టివల్ కూడా పడింది. గది రాత్రికి 389 డాలర్లు. పార్కింగ్ వేరే. ఆ గదిలో కిటికీ తెరిస్తే ఎదురుగోడ.

షో జరిగిన మోరియల్ కన్వెన్షన్ సెంటర్ మిసిసిపీ నది వెంట రైలుపెట్టెలు పేర్చినట్టు సాగిపోతూనే ఉంటుంది. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు వేలమంది తిండీ నీళ్ళూ లేకుండా రోజుల తరబడి ఇక్కడే పడి ఉన్నారు. అప్పట్లో టీవీలో చూశాను. తిత్లీ తుపాను తరవాత మా ఊరి బడిలో చాపలు పరుచుకున్న జనం గుర్తొచ్చి తలుపు దగ్గర ఒక క్షణం ఆగాను. బావ మెళ్ళో బ్యాడ్జీ వేసి లోపలికి తోశాడు.

లోపల పొగ. ఈ షోకి హాల్లోనే తాగొచ్చు. ఎయిర్‌పోర్టులో లైటరు కనిపిస్తేనే అనుమానంగా చూసే దేశంలో, పైకప్పు కింద మబ్బు కట్టి ఉంది. పదినిమిషాల్లో కళ్ళు మండాయి, అరగంటకి మంట తెలియడం మానేసింది. కానీ ఆ వాసన సిగరెట్టు వాసన కాదు. ఎక్కడో బాగా తెలిసిన వాసన. ఆ పూటకి దాని పేరు దొరకలేదు.

బూత్‌లంటే మన నుమాయిష్ స్టాళ్ళలాంటివి అనుకున్నాను. కాదు. కొన్ని రెండంతస్తుల ఇళ్ళు. లెదర్ సోఫాలు, బార్ కౌంటరు, నగల దుకాణంలోలాగా గాజుపెట్టెలు, వాటి మీద చిన్న లైట్లు. రాకీ పటేల్ బూత్ దగ్గర బావ ఛాతీ విరుచుకుని ఫొటో దిగాడు, "మనోడే" అంటూ. ఆయన గుజరాతీ, మేం శ్రీకాకుళం. అమెరికాలో ఆ దూరం లెక్కలోకి రాదు. హాలీవుడ్‌లో లాయరుగా చేస్తూ 1990లలో ఈ వ్యాపారంలోకి దిగాడు. మొదటి కంపెనీ పేరు ఇండియన్ టబాక్. ఆ పేరు వినగానే బావ ఎవరికో గుంటూరు పొగాకు గొప్పలు చెప్పబోయాడు. నేను మోచేత్తో పొడిచాను. గుంటూరు పేరుతో వెళ్ళేది ఎక్కువగా బ్యారన్లలో వేడిగాలితో కాల్చిన సిగరెట్టు ఆకు. సిగారుకి కావల్సింది నీడన ఆరబెట్టి, గుట్టలుగా వేసి మాగబెట్టిన ఆకు. మన దగ్గర దానికి చుట్టం ఉందంటే అది గోదావరి లంకల్లోని చుట్టపొగాకు. దాంతో చేసిన ఘాటు చుట్టల్ని మద్రాసు దొరలు లంకా అనే పిలిచేవారు. ఇదంతా ఆ క్షణాన బావకి చెప్పలేదు. ఫొటో కోసం పొట్ట లోపలికి పీల్చి ఉన్నాడు.

ఇక కొత్త సరుకు. అక్కడ ఎవరిని కదిపినా ఒకటే పలకరింపు, "కొత్తగా ఏముంది?" బూత్‌వాడు ఒక పెట్టె తెరుస్తాడు. నేను నాలుగైదు చూశాక పద్ధతి తెలిసిపోయింది. లోపలి ఆకు పాతదే, నికరాగ్వాలోని ఎస్తెలీ, హలాపా, కొందేగా లోయలది. బయటి ఆకు మారుతుంది. పోయినేడు కనెటికట్ లేతరంగుది, ఈ ఏడు మెక్సికో సాన్ ఆంద్రెస్ నల్లది. లేదా లావు మారుతుంది. లావుని అంగుళంలో అరవైనాలుగో వంతుల్లో కొలుస్తారు. యాభై అంటే రొబుస్తో అనే మామూలు సైజు, అరవై అంటే దాదాపు అంగుళం మందం, నోరు పూర్తిగా తెరవాలి. లేదా నలుపలకలుగా నొక్కుతారు. ఏదీ కాకపోతే పైన కాగితపు ఉంగరం మారుస్తారు. మా ఊరి చీరలకొట్లో పండక్కి వచ్చే "కొత్త డిజైను" కూడా ఇంతే, అంచు ఒకటే మారుతుంది.

అయితే ఒక విచిత్రం ఉంది. ఆ "కొత్త" సిగార్లలో గొప్పగా చెప్పుకునేదంతా పాతదనం గురించే. అయిదేళ్ళు మాగిన ఆకు, ఎనిమిదేళ్ళు మాగిన ఆకు, తాత వదిలివెళ్ళిన గోదాములో దొరికిన ఆకు. పెట్టె ఈ ఏడాది పుట్టింది, లోపలి ఆకుకి మా మేనల్లుడి వయసు. పాతబియ్యాన్ని కొత్త సంచిలో పోసి అమ్మినట్టు అన్నమాట. అలాగని మోసమేం కాదు, పాతబియ్యం అన్నమే కదా పొడిగా వస్తుంది.

ఇన్ని కొత్తవి ఒక్కసారిగా ఎందుకొచ్చాయో రెండో రోజు మధ్యాహ్నం ఒక టెనెసీ షాపాయన చెప్పాడు. భోజనాల వరసలో నా ముందున్నాడు. (శాండ్‌విచ్, చిప్స్, నీళ్ళసీసా, 24 డాలర్లు. బావ పులిహోర గుర్తుచేసుకుని నిట్టూర్చాడు.) 2016లో ఎఫ్‌డీఏ, అంటే ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, సిగార్లని కూడా తన చేతికింద పెట్టుకుంది. 2007 ఫిబ్రవరి 15 తరవాత మార్కెట్లోకి వచ్చిన ప్రతి సరుకుకీ అనుమతి కావాలంది. ఏ బ్రాండు ఉంటుందో ఏది పోతుందో తెలియక కంపెనీలు ఏళ్ళ తరబడి బిక్కుబిక్కుమంటూ గడిపాయి. 2023 ఆగస్టులో వాషింగ్టన్ జిల్లా కోర్టు జడ్జి అమిత్ మెహతా ఆ నిబంధనని ప్రీమియం సిగార్ల వరకూ కొట్టేశాడు. "ఈయనా గుజరాత్‌లో పుట్టినాయనే" అని బావ నా చెవిలో గర్వంగా అన్నాడు. 2025 జనవరిలో పైకోర్టు కూడా దాన్ని చాలావరకు సరేనంది. అసలు ప్రీమియం సిగార్ అంటే ఏమిటన్న నిర్వచనం మాత్రం మళ్ళీ చూడమంది. ఆ నిర్వచనానికి ఎనిమిది షరతులు. టెనెసీ ఆయన వేళ్ళు ముడుస్తూ సంధ్యావందనంలా అప్పజెప్పాడు. బయట చుట్టిన ఆకు నిండు ఆకు అయ్యుండాలి. దాని కింద, లోపలి ఆకుల్ని పట్టి ఉంచే పొర కూడా అచ్చంగా పొగాకే. లోపలిదాంట్లో బరువుకి కనీసం సగం, ముక్కలు చెయ్యని పొడుగాకు. చేత్తో చుట్టాలి. ఫిల్టరు, నోటికి పెట్టుకునే పొగాకుకాని పీక ఉండకూడదు. పొగాకు రుచి తప్ప వేరే రుచి కలపకూడదు. పొగాకూ నీళ్ళూ చెట్టుజిగురూ తప్ప మరేదీ ఉండకూడదు. వెయ్యి కలిపి తూస్తే ఆరు పౌండ్లకి పైన తూగాలి, అంటే ఒక్కొక్కటి 2.7 గ్రాములు దాటాలి.

ఈ ఎనిమిదీ నా బుర్రలో ఎందుకు అతుక్కుపోయాయో అప్పటికి నాకే తెలియదు.

మూడో అంకం అదే రోజు సాయంత్రం. బావ ఒక బూత్‌లో బేరంలో కూరుకుపోయాడు. పది పెట్టెలు కొంటే ఒకటి ఉచితం, అందరికీ కావల్సిన పెట్టె రెండు ఇవ్వాలంటే ఎవరికీ అక్కర్లేనివి ఆరు తీసుకోవాలి, ఆ గొడవ. నేను హాలు చివరికి నడిచాను. అక్కడ ఒక చిన్న బూత్. లైట్లూ లేవు, సోఫాలూ లేవు. ఒక చెక్కపీట, అరచంద్రంలాంటి కత్తి, గిన్నెలో జిగురు, తడిగుడ్డ కింద ఆకులు. అరవై ఏళ్ళావిడ సిగార్లు చుడుతోంది. ఎస్తెలీ నుంచి వచ్చిందట. ఆకు తీసి, మధ్య ఈనెని ఒక్కచోట తుంచి పిడికిలికి చుట్టుకుని సర్రున లాగింది. ఈనె ఊడి వచ్చింది, ఆకు రెండు సగాలుగా విడిపోయింది.

వాసన పేరు అప్పుడు దొరికింది. మా నాన్నమ్మ పెరటి అరుగు.

మాది శ్రీకాకుళం ఉద్దానంలో, సోంపేట దగ్గర. నాన్నమ్మ సంతలో పొగాకు కట్ట కొనేది. ఆకుని తడిపి, సరిగ్గా ఇలాగే ఈనె పిడికిలికి చుట్టి లాగేది. తొడమీద పెట్టి చుట్టి చివర నూలుదారంతో కట్టేది. వెలిగించాక నిప్పు ఉన్న చివరని నోట్లో పెట్టుకునేది. అడ్డచుట్ట. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, కృష్ణా జిల్లా స్నేహితులకి చెబితే ఇప్పటికీ నమ్మరు. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, జీడిపిక్కలు కాల్చేది. ఇంటర్లో ఉండగా వైజాగ్ నుంచి స్నేహితులొస్తే, కాసేపు పెరట్లో కూచోమని నేనే అన్నాను. వెళ్ళింది. అక్కణ్ణుంచే, నిప్పు నోట్లోనే ఉంచుకుని, "అన్నాలకి రండర్రా" అని కేకేసింది.

ఆ అలవాటుకి అంగిలి పాడై క్యాన్సర్ వస్తుందని, మా జిల్లాలో దాని మీదే డాక్టర్లు పరిశోధనలు చేశారని చాలా తరవాత చదివాను. నాన్నమ్మ అంగిలి తెల్లగా గట్టిపడి ఉండేది. ఆవిడకి ఆ జబ్బు రాలేదు. పక్కింటి పెద్దమ్మకి వచ్చింది. మూడు రోజులూ ఆ హాల్లో కోకో రుచి, తోలు రుచి, తడిమట్టి రుచి అని వంద రుచుల పేర్లు విన్నాను, జబ్బు పేరు ఒక్కసారీ వినపడలేదు. మన దగ్గర సిగరెట్టు పెట్టె మీద 85 శాతం జబ్బు బొమ్మా హెచ్చరికే ఉంటాయి. ఇక్కడి పెట్టెల మీద బంగారు పూతా, సింహాలూ.

ఆవిడ నా చూపు కనిపెట్టినట్టుంది. ఖాళీ కుర్చీ చూపించింది. భాష రాదు, బూత్ కుర్రాడు అటూ ఇటూ చెప్పాడు. ఒక సగం ఆకు నా ముందు పడేసింది. చుట్టు అంది. నేను ఆకు పీటమీద పెట్టకుండా తొడమీద పెట్టుకున్నాను. ప్యాంటు మరకైంది. చెయ్యి దానంతటదే పోయింది, కానీ ఎటు పోవాలో దానికీ తెలియలేదు. చిన్నప్పుడు చూసిందే తప్ప చుట్టింది లేదుగా. ముడతలు పడ్డ వంకరముక్క ఒకటి తయారైంది, విడిపోతోంది. ఆవిడ జిగురు గిన్నె జరిపింది. నేనేమో చొక్కా అంచున వేలాడుతున్న దారం తెంపి, చివర రెండు చుట్లు చుట్టి, పంటితో ముడి బిగించాను.

ఆవిడ నవ్విన నవ్వుకి పక్క బూత్‌వాళ్ళు తలెత్తారు. ఆ దారం ముడిని తిప్పి తిప్పి చూసింది. ఎవరు నేర్పారంది. నాన్నమ్మ అన్నాను. నిప్పు నోట్లో పెట్టుకునేదని చేతులతో చూపించాను. కుర్రాడు అనువదించడం మానేసి నన్నే చూశాడు. ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఏదో అంది. "బూడిద ఎక్కడ దులుపుతుంది అని అడుగుతోంది" అన్నాడు కుర్రాడు. ముప్పయ్యేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. జవాబు నాకూ గుర్తులేదు.

అప్పుడు లెక్కేశాను, ఎనిమిది షరతులూ. నిండు ఆకు, ఉంది. అచ్చమైన పొగాకు, ఉంది. చేత్తో చుట్టింది, ఫిల్టరు లేదు, వేరే రుచి లేదు, బరువు తప్పకుండా తూగుతుంది. ఒక్క ఏడో షరతు దగ్గర నాన్నమ్మ తప్పింది. పొగాకు, నీళ్ళు, చెట్టుజిగురు. నూలుదారం లేదు ఆ జాబితాలో.

ఆవిడ తను చుట్టిన దాంట్లో ఒకటి చివర కోసి నాకిచ్చింది. పెట్టెలో అయితే దాని ధర 22 డాలర్లు. కాదనలేకపోయాను. సిగారు పొగ నోట్లోనే తిప్పి వదిలెయ్యాలని, గుండెల్లోకి పీల్చకూడదని బావ చెప్పే ఉంటాడు, నేనే వినుండను. నాలుగు దమ్ములకి చెమటలు. పైకప్పు కిందికి దిగింది. బావ వచ్చేసరికి పీటకి తలానించి కూచున్నాను. "చక్కెర పడాలి, చక్కెర" అని నన్ను రెక్కపట్టి బయటికి లాక్కెళ్ళాడు. నది ఒడ్డున ఒక పాత కాఫీకొట్టు ముందు ఫెస్టివల్ జనం వరస. నలభై నిమిషాలు నిలబడ్డాం, అంటే బావ నిలబడ్డాడు, నేను ఫుట్‌పాత్ మీద కూచున్నాను. పంచదారపొడిలో పూడ్చిపెట్టిన బెన్యేలు మూడొచ్చాయి. మన బూరెకి దూరపు చుట్టం, లోపల పూర్ణం లేదు, అదొక్కటే లోటు. కాఫీలో చికోరీ దండిగా ఉంది. ఒక్క గుక్కకి సోంపేట బస్టాండు హోటలు కళ్ళముందు కట్టింది. అమెరికాలో పదకొండేళ్ళుగా తాగిన కాఫీల్లో ఇదొక్కటే కాఫీలా ఉంది.

బావ ఆ రాత్రి గదిలో ఆర్డర్ల కాగితాలు పరుచుకున్నాడు. వచ్చేటప్పుడు ప్రతిజ్ఞ చేశాడు, ఈసారి ఒక్క కొత్త బ్రాండూ పెట్టను, పోయినేడు తెచ్చిన కొత్తవే పసుపు డిస్కౌంటు స్టిక్కర్లు అంటించుకుని కూచున్నాయని. లెక్క చూస్తే పదకొండు కొత్తవి. "షాపులోకి వచ్చినోడు ముందు అడిగేది కొత్తగా ఏముందనే కదరా. లేదంటే పక్క షాపుకి పోతాడు. చూసి, వాసన చూసి, చివరికి ఎప్పుడూ తాగేదే కొంటాడనుకో" అన్నాడు. మూడోరోజు, తిరుగు ప్రయాణం, ఏమీ లేదు. అక్క గుమ్మంలోనే ఆపి ఇద్దరి బట్టలూ గరాజ్‌లో విప్పించింది.

ఆదివారం... కాదు, సోమవారం రాత్రి అయ్యుండాలి, నాన్నకి ఫోన్ చేశాను. నాన్న ఎప్పుడూ ముందు ధర అడుగుతాడు.

"ఎంతరా ఒక్కొక్కటి?"

"ఇరవై రెండు డాలర్లు."

అటువైపు కాసేపు లెక్క నడిచింది. "పందొమ్మిదొందలా? ఒక్క చుట్టకా? ఆ డబ్బెట్టి మీ నాన్నమ్మ పొలం కౌలుకి తీసుకునీది."

దారం సంగతి, ఏడో షరతు సంగతి చెప్పాను. దారం కట్టకపోతే విడిపోదా అన్నాడు. జిగురు అన్నాను. సరేలే అన్నాడు. బూడిద సంగతి అడిగాను, నాన్నమ్మ ఎక్కడ దులిపేదని. "దులపడమేటి, ఉమ్మీసీది" అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఒరే, వాళ్ళు నిప్పు ఎటేపెడతారు, లోపలికా బయటికా?"

"బయటికే నాన్నా."

"బయటికెడితే ఉద్దానం గాలికి ఆరిపోదురా?"